వచ్చు, కూడదు, తీరాలి

నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు వాక్యం ‘మే ఐ కమిన్ సార్’. మా పల్లెలో బడికి పోయిన ఎవర్నడిగినా అదే చెబుతారు. అది కొన్ని మాటలు కలిసిన వాక్యమని అప్పట్లో తెలియదు. ‘మేకమిన్సార్’ అనేది ఒకే మాట అనుకునేవాణ్ణి. సారు ‘ఎస్’ అంటే లోపలికి పోవాలి. ఏమీ అనకపోతే గుమ్మంలోనే నిలబడాలి. నాకు తెలిసిన అర్థం అంతే.

అయినా ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. ఎందుకంటే అంతకు ముందు మాకు తెలిసిన గుమ్మాల దగ్గర అడగటమనేదే లేదు. నాయన వెంట ఆసామి ఇంటికి పోతే గేటు బయట నిలబడి ‘అయ్యా’ అని పిలవటమే. ‘లోపలికి రావచ్చా’ అని నాయన ఏనాడూ అడగలేదు. అడగొచ్చని ఆయనకి తోచనే లేదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఎవరడుగుతారు? బళ్ళో అయితే అడిగితే ‘ఎస్’ అంటారు. ఒకటో తరగతిలో ఆ ‘ఎస్’ విని లోపలికి పోవటం నాకు గొప్పగా ఉండేది.

ఇప్పుడు నేనే ఇంగ్లీషు సారుని. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. తొమ్మిదో తరగతికీ పదో తరగతికీ నేను చెప్పే గ్రామర్లో ‘మోడల్స్’ అని ఒక పాఠం ఉంటుంది. కెన్, కుడ్, మే, మైట్, విల్, వుడ్, షల్, షుడ్, మస్ట్. పని జరిగిందా లేదా అని చెప్పే క్రియలు కావివి. జరగొచ్చా, జరిగి తీరాలా, చేయగలమా, చేయనిస్తారా అని చెప్పేవి. ఇవాళ ఉన్న స్థితినీ రేపు రాబోయేదాన్నీ చెప్పటానికి ఇంగ్లీషువాళ్ళు వీటినే వాడతారు. పరీక్షలో వీటికి నాలుగైదు మార్కులకి మించి రావు. మా ఇంట్లో వీటిలో ఒకదానికి మాయమ్మ ఒక మిరపకోతల కాలం మొత్తం చెల్లించింది. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర ఒక మాదిగపల్లె. నల్లరేగడి నేల. వానలకి పత్తి విత్తిన దగ్గర్నించి ఎండాకాలంలో మిరపకాయలు కల్లాల్లో ఎండేదాకా మా వాళ్ళ చేతులు ఆడుతూనే ఉంటాయి. నేల మాత్రం మాది కాదు. పొద్దుగూకేటప్పుడు ఆసామి మనిషి పల్లె మొదట్లో నిలబడి కేకేసేవాడు. ‘రేపు కోతకి రావాల.’ వస్తారా అని కాదు. ‘వొస్తామండీ’ అని ఇళ్ళల్లోంచి ఆడోళ్ళు అనేవాళ్ళు.

ఈ ‘వస్తాం’ అనే మాట చూడండి. ‘రోజూ వస్తాం’ అన్నా అదే, ‘రేపు వస్తాం’ అన్నా అదే. పాత వ్యాకరణాలు భవిష్యత్తుని వేరుగా, ఎప్పుడూ జరిగేదాన్ని ‘తద్ధర్మం’ అని వేరుగా చెప్పాయి. మనం మాట్లాడే తెలుగులో రెండూ ఒకే రూపంలో కలిసిపోయినయ్. అందుకే మా పిల్లలు ‘ఐ విల్ కమ్ టు స్కూల్ ఎవ్రీ డే’ అనీ, ‘టుమారో ఐ కమ్’ అనీ రాస్తారు. ఎర్రసిరా పెట్టి దిద్దుతుంటాను. దిద్దుతూ అనుకుంటాను, మా అమ్మల ‘వొస్తామండీ’కి ఏది రాయాలి? రేపటి సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. కానీ వాళ్ళు చెప్పేది రోజూ జరిగేదే. రేపు కూడా నిన్నలాగే ఉంటుందని తెలిసినవాళ్ళకి రెండు రూపాలెందుకు?

ఇంకొకటి ఉంది. కోతకి పోకూడదనుకుంటే మా వాళ్ళు ‘రాం’ అనేవాళ్ళు కాదు. ‘రాలేమయ్యా, జొరంగా ఉంది’ అనేవాళ్ళు. ‘పిల్లోడికి బాలేదయ్యా, రాలేను.’ తెలుగులో ‘రాను’ వేరు, ‘రాలేను’ వేరు. ‘రాను’ అంటే ఇష్టం లేదని, ‘విల్ నాట్’. ‘రాలేను’ అంటే చేతకాదని, ‘కెనాట్’. మా పల్లెలో ఒక పూట ఇంటిపట్టున ఉండాలంటే ఒంట్లో లేని రోగం తెచ్చుకోవాల్సిందే. చేతకాదని చెప్పుకోవచ్చు, ఇష్టం లేదని చెప్పకూడదు. మాయమ్మ నోట ‘రాను’ అనే మాట నా చిన్నతనంలో ఆసామి ముందర ఒక్కసారి కూడా వినలేదు.

‘కూడదు’ మాత్రం చాలా వినేవాళ్ళం. ఆ బావిలో నీళ్ళు తోడగూడదు. ఆ అరుగు మీద కూర్చోగూడదు. ఎదురు పడగూడదు. నేను పుట్టేనాటికి ఇందులో కొన్ని పోయినయ్, కొన్ని మాట మార్చుకుని ఉన్నయ్. మా నాయనమ్మ ఒక మాట అనేది. చర్చిలో పది ఆజ్ఞలు చదివినప్పుడు ఆమెకి చిత్రంగా ఉండేదంట. అక్కడా ‘కూడదే’. ఇంగ్లీషులో ‘షల్ట్ నాట్’. కానీ దొంగతనం చెయ్యగూడదు, అబద్ధసాక్ష్యం చెప్పగూడదు అనేవి మాకొక్కరికే చెప్పిన మాటలు కావు, ఆసామికి కూడా. ఆసామికి కూడా ఒక ‘కూడదు’ ఉంటుందని ఆమెకి తెలిసింది అక్కడే. 1842లో హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చిన తర్వాత మిషన్ బళ్ళు మా పల్లెల్లోకి అక్షరాలు తెచ్చాయి. మా నాయనమ్మకి అక్షరాలు రాలేదు గానీ ఈ ఒక్క వ్యాకరణం వచ్చింది.

ఇక అసలు సంగతి. 2005లో నేను డిగ్రీలో చేరాను. పదో తరగతి, ఇంటర్ అంతా తెలుగు మీడియమే. మొదటి ఏడు స్కాలర్‌షిప్ రాలేదు. ఫీజు కట్టకపోతే పరీక్ష రాయనివ్వమన్నారు. నేనొక అర్జీ పెట్టుకున్నాను. కొన్నాళ్ళకి ఒక ఆఫీసు నుంచి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం వచ్చింది. రెండే వాక్యాలు. మీ అర్జీ అందింది అనేది మొదటిది. రెండోదాంట్లో ‘మే బి కన్సిడర్డ్ ఇన్ డ్యూ కోర్స్’ అని ఉంది.

రాత్రి భోజనాలప్పుడు ఆ కాగితం చదివాను. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. నాయన, అమ్మ, చెల్లి నా నోరే చూస్తున్నారు. చుట్టుపక్కలవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు. ‘నా విషయం చూస్తారంట. టయానికి ఇస్తారంట’ అని చెప్పాను.

‘అంటే ఇస్తారా?’ అంది అమ్మ.

‘ఇస్తారమ్మా.’

అట్టా అనటానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, ‘మే’ అంటే ఏందో నాకు సరిగా తెలియదు. అది గుమ్మం దగ్గర అడిగే మాట అనే తెలుసు. రెండోది, అంతమంది చూస్తుంటే తెలియదని చెప్పటానికి నోరు రాలేదు. పల్లెలో మొదట చదువుకున్నవాడికి తెలియదని చెప్పే హక్కు ఉండదు. ఊళ్ళో వాళ్ళ కాగితాలన్నీ వాడి దగ్గరికే వస్తాయి.

ఆ ‘ఇస్తారు’ని నమ్ముకుని నాయన ఆసామి దగ్గర ఆరు వేలు తెచ్చాడు. మూడు రూపాయల వడ్డీ. స్కాలర్‌షిప్ రాగానే కట్టేస్తామని చెప్పాడు. ఆసామి ఒక షరతు పెట్టాడు. బాకీ తీరిందాకా మాయమ్మ ఆయన చేలో కోతలయ్యాకే ఇంకొకరి చేలోకి పోవాలి. కూలి ఆయన ఇచ్చిందే. అప్పుడు మా దగ్గర ఆడకూలి యాభై. ఆయన చేలో నలభై. డబ్బులు ఆ ఏడు రాలేదు. మిరపకోతల కాలమంతా మాయమ్మ అక్కడే కోసింది. రాత్రిపూట చేతులకి ఆముదం రాసుకుని, అరచేతులు పైకి పెట్టుకుని పడుకునేది. కాయల మంట నిద్రపోనిచ్చేది కాదు. ‘గవర్నమెంటోళ్ళు ఇస్తామని చెప్పి మోసం చేశారు’ అని పల్లెలో అందరికీ చెప్పేది. నేను వింటూ ఉండేవాణ్ణి. మరుసటేడు సగం వచ్చినయ్. వడ్డీకి సరిపోయినయ్.

గవర్నమెంటు ఇస్తామని చెప్పలేదు. ఆ సంగతి నాకు డిగ్రీ రెండో ఏడులో తెలిసింది. కాలేజీ లైబ్రరీలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ ఉండేది. అట్టలూడిపోయిన పుస్తకం. ‘మే’ దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒకటి అనుమతి, ఒకటి సంభావ్యత. జరగొచ్చు, జరక్కపోవచ్చు. ‘పరిశీలించవచ్చు’ అనేదాన్ని నేను ‘పరిశీలిస్తారు’ అని చదివాను. తెలుగులో మనక్కూడా ‘వచ్చు’ అనే మాటకి ఈ రెండర్థాలూ ఉన్నాయి. ‘నువ్వు పోవచ్చు’ అంటే సెలవిచ్చినట్టు. ‘రేపు వాన పడొచ్చు’ అంటే అనుమానం. పుట్టినప్పట్నించీ నోట్లో ఉన్న మాటే. కాగితం మీద ఇంగ్లీషులో కనిపిస్తే పోల్చుకోలేకపోయాను. లైబ్రరీలో చాలాసేపు ఆ పేజీ ముందే కూర్చున్నాను. నా వెనక బల్ల మీద పిల్లలు క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు.

బీఈడీ చదివేటప్పుడు ఒక సారు పాత కథ చెప్పాడు. పాత వ్యాకరణం ప్రకారం ‘ఐ’, ‘వుయ్’ల పక్కన ‘షల్’ వస్తే మామూలు భవిష్యత్తు, ‘విల్’ వస్తే పట్టుదల. మిగతావాళ్ళ పక్కన తిరగబడుతుంది. ‘విల్’ మామూలు భవిష్యత్తు, ‘షల్’ ఆజ్ఞ లేదా వాగ్దానం. ఏట్లో పడిన ఒకాయన ఈ రెండూ తారుమారు చేసి అరిచాడంట. మునిగిపోతున్నాను, నన్నెవరూ రక్షించటం లేదు అనబోయి, మునిగే తీరతాను, ఎవరూ నన్ను రక్షించగూడదు అన్నాడంట. గట్టు మీద వాళ్ళు సరేనని చూస్తూ ఊరుకున్నారంట. క్లాసంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకు ఆరు వేలు గుర్తొచ్చినయ్.

ఇప్పుడు ఆ నియమం ఎవరూ పాటించటం లేదు. మాట్లాడేటప్పుడు అందరూ ‘విల్’ అనే అంటున్నారు. కానీ ఒక్కచోట ఆ పాత ‘షల్’ ఇంకా ఉంది. చట్టాల్లో. అక్కడ ‘షల్’ అంటే రేపెప్పుడో జరుగుతుందని కాదు. జరిగి తీరాలని. చూడటానికి భవిష్యత్తులా ఉంటుంది గానీ ఈ క్షణం నుంచే కట్టిపడేసే మాట.

ఉద్యోగం వచ్చాక రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతి కొనుక్కున్నాను. అంబేడ్కర్ అధ్యక్షుడుగా ఉన్న కమిటీ ఆ ముసాయిదా తయారు చేసిందని అందరికీ తెలుసు. నేను దాన్ని గ్రామర్ పుస్తకంలా చదివాను. షల్ ఎక్కడ, మే ఎక్కడ అని పెన్సిలుతో గీతలు గీస్తూ పోయాను. పదిహేడో అధికరణం చూడండి. అంటరానితనం రద్దయింది అన్నచోట మోడల్ లేదు. నిషేధించబడింది అన్నచోటా లేదు. రెండూ వర్తమానమే. రద్దు కావచ్చు అనలేదు, రద్దవుతుంది అనలేదు. దాని పేరున ఎవరినైనా అడ్డుకుంటే అది శిక్షించదగ్గ నేరమయి తీరుతుంది అన్నచోటే ‘షల్’ వేశారు. మా నాయన గేటు బయట నిలబడిన ఏళ్ళన్నిటా ఆ వర్తమానకాలం కాగితం మీద వర్తమానంగానే ఉంది.

చదువు దగ్గరికొస్తే ఇంకా తేటగా కనపడుతుంది. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో నలభై అయిదో అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలోగా ఉచిత నిర్బంధ విద్య అందించాలని చెప్పింది. కానీ ‘షల్’ పక్కన ‘ఎండీవర్’ అనే మాట పెట్టారు. అంటే ఇచ్చి తీరాలని కాదు, ఇవ్వటానికి ప్రయత్నించి తీరాలని. పైగా అది ఆదేశిక సూత్రం, కోర్టుకి పోయి అమలు చేయించుకోగలిగేది కాదు. పదేళ్ళు 1960లో అయిపోయినయ్. అప్పటికి మా నాయనమ్మ ఈడు ఆడపిల్లలు పత్తి చేలల్లో ఉన్నారు. 2002లో ఎనభై ఆరో సవరణ చేసి 21ఏ అధికరణం చేర్చినప్పుడు ఆ ‘ఎండీవర్’ తీసేశారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి రాజ్యం విద్య అందించి తీరాలి అన్నారు. ఏ పద్ధతిలో అనేది మాత్రం రాజ్యం చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చు అన్నారు. ఒకే వాక్యంలో ముందు ‘షల్’, వెనక ‘మే’. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఒక్క ‘ప్రయత్నం’ అనే మాట చెరిగిపోవటానికి యాభై రెండేళ్ళు పట్టింది.

కాగితం మీద ‘షల్’ పడితే అంతా అయిపోతుందని నేనడం లేదు. 1985 జులై 17న కారంచేడు జరిగింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అందులో చాలా నేరాలకి శిక్ష ఆర్నెల్లకి తగ్గగూడదు, ఐదేళ్ళ దాకా పోవచ్చు అని రాశారు. ఆ చట్టం ఉండగానే 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో మనవాళ్ళని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ‘షల్’కీ దాని అమలుకీ మధ్య పోలీసులుంటారు, సాక్షులుంటారు, కోర్టులుంటాయి, కులం ఉంటుంది. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కర్ ఈ సంగతే హెచ్చరించాడు. రాజకీయాల్లో సమానత్వం ఉండబోతోంది, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత ఉండబోతోంది అని. ఆయన వాడిన మాట ‘విల్’. రాబోయే జనవరి గురించి చెప్పాడు కాబట్టి అది భవిష్యత్తు. ఆ మాటని తెలుగులోకి మారిస్తే ‘ఉంటుంది’ అని వస్తుంది. తెలుగులో ‘ఉంటుంది’ అంటే రేపు ఉంటుందనీ అర్థమే, ఎప్పుడూ ఉంటుందనీ అర్థమే. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ మాట దగ్గర ఆగుతాను. ఆయన చెప్పింది మొదటి అర్థంలో. మనం బతుకుతున్నది రెండో అర్థంలో.

మోడల్స్ వర్తమానాన్ని కూడా చెబుతాయని పుస్తకంలో ఉంటుంది. పిల్లలకిది తొందరగా ఎక్కదు. ‘విల్’ అంటే ఫ్యూచర్ అని కిందటి క్లాసుల్లో బట్టీ పట్టి ఉంటారు. నేను రోడ్డు మీద బస్సు చప్పుడయిందాకా ఆగుతాను. ‘అదేం బస్సురా?’ అంటాను. ‘పర్చూరు బస్సయ్యుంటది సార్’ అంటారు. ‘అదే. దట్ విల్ బి ద పర్చూరు బస్. చూడకుండానే ఇప్పటి సంగతి చెప్పావు గదా’ అంటాను. ‘మీ అమ్మ ఇప్పుడేడుంది?’ ‘చేలో ఉంటది సార్.’ అదీ అంతే. ‘కుడ్’ సంగతీ ఇట్టాగే. ‘కుడ్’ అంటే ‘కెన్’కి పాస్ట్ అనుకుంటారు. ‘కుడ్ యు హెల్ప్ మీ’లో పాస్ట్ ఎక్కడుంది? మన పెద్దోళ్ళు ఆసామి ముందు నిలబడి ‘ఒక మాట చెబుదామని వచ్చానయ్యా’ అంటారు. ఇప్పుడే చెప్పాలి, అయినా వెనక్కి జరిగి మాట్లాడతారు. మర్యాద కోసం కాలాన్ని వెనక్కి నెడతారు. ఇంగ్లీషువాడి ‘కుడ్’లో ఉన్నదీ ఆ వెనకడుగే. కాకపోతే అక్కడ ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు వేసుకుంటారు. మా దగ్గర ఒకళ్ళే వేస్తారు.

‘మస్ట్’కి వర్తమానం నాకు ఒక ఇంటి ఓనరు నేర్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరులో అద్దె ఇంటి కోసం తిరిగాను. ఒకచోట టులెట్ బోర్డు చూసి లోపలికి పోయాను. గవర్నమెంటు టీచరనగానే కుర్చీ వేశారు. ఇంటిపేరడిగారు. చెప్పాను. ఏ ఊరన్నారు. చెప్పాను. ఊళ్ళో ఎటువైపు అన్నారు. అప్పుడాయన లోపలికి తిరిగి ఆమెతో మెల్లగా అన్నాడు, ‘వాళ్ళే అయ్యుంటారు’. దే మస్ట్ బి. బలమైన ఆధారాన్ని బట్టి వర్తమానాన్ని ఊహించి చెప్పటం అని గ్రామర్ పుస్తకంలో ఉండేది దీన్నే. ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నారు. బోర్డు ఆ తర్వాత నెల్లాళ్ళు అట్టాగే ఉంది.

ఒకసారి మా స్కూల్లో మా పల్లెల పిల్లోడొకడు స్టాఫ్‌రూం దగ్గరికొచ్చి ‘కెన్ ఐ కమిన్ సార్’ అన్నాడు. తోటి మాస్టారొకాయన కసిరాడు. ‘కెన్ ఏందిరా, మే అనాలి. మర్యాద తెలియదా?’ పుస్తకం ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. పాత పద్ధతిలో అనుమతికి ‘మే’, శక్తికి ‘కెన్’. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళే అనుమతికి ‘కెన్’ వాడుతున్నారు. నేను ఆ మాస్టారితో వాదించలేదు. పిల్లోణ్ణి పక్కకి పిలిచి, ‘రెండూ సరైనవే, ఎవరి దగ్గర ఏది అనాలో చూసుకో’ అన్నాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. ఎవరి దగ్గర ఏది అనాలో చూసుకోవటం మా వాళ్ళకి నేను నేర్పాలా?

2019 నవంబరులో మన రాష్ట్రంలో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని ఉత్తర్వులొచ్చాయి. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ రోజుల్లో పెద్ద వాదన జరిగింది. మాతృభాష పోతుందని ఒకరు, ఇంగ్లీషు మాకు మాత్రం వద్దా అని ఒకరు. మా పల్లె తల్లుల్ని అడిగితే ఇంగ్లీషే కావాలన్నారు. నేనూ వాళ్ళ వైపే. కానీ ఏ మీడియమయినా సరే, ఇంటికొచ్చిన కాగితంలో ‘ఇస్తారు’కీ ‘ఇవ్వచ్చు’కీ తేడా చెప్పలేని చదువు మా ఇంట్లో ఒకసారి చూశాం.

మాయమ్మ సంగతి మళ్ళీ చెప్పాలి. ఉపాధి హామీ చట్టం 2005లో చేశారు. 2008 ఏప్రిల్ నాటికి దేశంలో పల్లెటూళ్ళున్న జిల్లాలన్నిటికీ వచ్చింది. పని అడిగిన పదిహేను రోజుల్లోగా పని చూపించాలి, చూపించకపోతే భృతి ఇవ్వాలి అని అందులో ‘షల్’తో రాసి ఉంది. అమల్లో ఎన్ని లోపాలున్నా, పని అడగటానికి ఇంకొక చోటు ఏర్పడింది. నేను డీఎస్సీకి చదువుకుంటూ ఇంటి దగ్గరున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆసామి మనిషి వచ్చి ఎప్పటిలా కేకేశాడు. ‘రేపు కోతకి రావాల.’

‘రేపు రామయ్యా. చెరువు పూడిక పనికి పోతన్నాం’ అంది అమ్మ.

‘ఏం, రాలేరా?’

‘రాలేక గాదు. రాం.’

నేను లోపల పుస్తకం ముందు కూర్చుని ఉన్నాను. అమ్మకి విల్, కెన్ తెలియవు. ఎక్కడ ఏది వాడాలో నాకంటే బాగా వాడింది. ఆ మనిషి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కోతల కూలి పదిరూపాయలు పెంచి పిలిచారు.

ఉద్యోగం వచ్చి మొదటి జీతం తెచ్చిన రోజు రాత్రి అమ్మకి ఆ కాగితం సంగతి చెప్పాను. గవర్నమెంటోళ్ళు ఇస్తామనలేదమ్మా, ఇవ్వచ్చు అన్నారు, నేనే తప్పు చదివాను, నువ్వు ఆ కోతలన్నీ నా మూలాన కోశావు అని. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది. ‘నువ్వు సరిగ్గా చదివుంటే మాత్రం ఆ డబ్బులు తెచ్చేవోళ్ళం కాదా? ఇస్తారన్నా, ఇవ్వచ్చన్నా ఫీజు కట్టాల్సిందేగా నాయనా.’ అని లేచి కంచాలు తీసింది.

ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. పేరూ నంబర్లూ కొట్టేసి జిరాక్స్ తీయించి మోడల్స్ పాఠం రోజున పిల్లలకి ఇస్తాను. కిందటేడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల, మిరపకోతల ఇంటి నుంచి వచ్చినదే, రెండుసార్లు చదివి లేచింది. ‘సార్, దీంట్లో ఇస్తామన్లేదు గదా.’ నాకు రెండేళ్ళు పట్టింది ఆ పిల్లకి రెండు నిమిషాల్లో తెలిసింది. ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది.

తర్వాతి పీరియడ్లో రేపు ఆదివారం ఏం చేస్తారో, పదేళ్ళ తర్వాత ఏమవుతారో రాయమన్నాను. ఆదివారానికి ఆ పిల్ల ‘ఐ విల్ గో’ అని రాయలేదు. ‘ఐ హ్యావ్ టు గో’ అని రాసింది. మిరపచేలోకి. పదేళ్ళ తర్వాతి సంగతికి అందరూ ‘ఐ విల్’ అని రాశారు. డాక్టరు, పోలీసు, సాఫ్ట్‌వేరు. ఆ పిల్ల ‘ఐ మే బికమ్ ఎ నర్స్’ అని రాసింది.

‘మే ఎందుకు రాశావమ్మా? విల్ రాయొచ్చుగా’ అన్నాను.

‘ఇంట్లో డబ్బులుండాల గదా సార్. విల్ అంటే అబద్ధమైద్ది.’

ఆ వాక్యానికి టిక్కు పెట్టాను. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. మిగతా అందరి వాక్యాలకంటే అదే సరైన వాక్యం. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు నిండాయి. 21ఏ అధికరణంలోని ‘షల్’ ఆరు నుంచి పద్నాలుగు దాకానే. ఆమె విషయంలో అది అయిపోయింది. ఇక ముందున్న ఇంటరు, నర్సింగు, స్కాలర్‌షిప్ అన్నీ ‘మే’లు. ఆ తేడా చదవటం నేను నేర్పగలను, నేర్పుతున్నాను. ఆ పద్నాలుగు దగ్గర ఆగిపోయిన ‘షల్’ని ఇంకొంచెం ముందుకి జరిపే పని మాత్రం నా ఇంగ్లీషు పీరియడ్లో అయ్యేది కాదు. ఇది చదువుతున్న మీరంతా, నేనూ కలిసి చేయాల్సింది. చేయొచ్చు అనటం లేదు.